పెట్రాలో నీళ్ల సంగతి

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం మేము ఓడ ఎక్కే ముందే అందింది. ఇల్లు చేరేదాకా జవాబు రాయడానికి కుదరలేదు. ఓడలో తిండి, తోటి ప్రయాణికులు, మీ చెల్లెలి వాంతులు, ఇవన్నీ ఫోన్లో చెప్పుకుందాం. ఈ ఉత్తరం మాత్రం జోర్డాన్‌లో కొండల్ని తొలిచి కట్టిన పాత నగరం పెట్రా గురించే. సర్వీసంతా కాలవగట్ల మీద తిరిగినవాడివి, నేను చూసింది అసలు నువ్వు చూడాల్సింది. బ్యాంకులో అంకెలు కూడుకున్నవాడి కంటికి ఆనినంత రాస్తున్నాను, తప్పులుంటే దిద్దుకో.

మా ఓడ ఆగింది అకాబా రేవులో. జోర్డాన్ దేశానికి సముద్రమంటూ ఉన్నది అక్కడ ఓ 26 కిలోమీటర్లే. పొద్దున్నే డెక్ మీద నిలబడితే జోర్డాన్, ఇజ్రాయెల్, ఈజిప్టు, సౌదీ కొండలు ఒక్కచోటి నుంచే కనిపిస్తాయి. ఏవి ఎవరివో పక్కన చెప్పేవాడుండాలి, అన్నీ ఒకే మట్టిరంగు. అక్కడి నుంచి పెట్రాకి బస్సులో రెండు గంటలు. బయట టాక్సీ మాట్లాడుకుంటే చవకే గానీ, ఓడవాళ్ల బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, మనంతట మనం వెళ్లి ఆలస్యమైతే ఆగదు. ఆ ముక్క వినగానే మీ చెల్లెలికి టెన్షన్ పట్టుకుంది. ఇంకేముంది, చొక్కాకి బస్సు నంబరు స్టిక్కరు అంటించుకుని పిల్లల్లా వరసలో నిలబడ్డాం.

దారిలో దుకాణం దగ్గర ఆపారు. ఆపకుండా ఉంటారా! రంగు ఇసుక సీసాల్లో పోసి ఒంటె బొమ్మలు చేసే కుర్రాడొకడు ఉన్నాడక్కడ. సన్నటి గరాటులోంచి చిటికెడు చిటికెడు పోస్తూ, పుల్లతో గాజు వెంబడి గీస్తుంటే మూపురం లేచింది, కాళ్లు వచ్చాయి. వాడి చేతిపనికి దండం పెట్టాల్సిందే. కానీ అక్కడ పోయిన ముప్పావుగంటా మా పెట్రాలోంచి కోసిందే. చివరికి లోపల మాకు మిగిలింది మూడు గంటలు.

ఇక అసలు కథ. పెట్రా నబాతియన్లు అనే అరబ్బుల రాజధాని. దక్షిణ అరేబియా నుంచి సాంబ్రాణి, సుగంధద్రవ్యాలు మోసుకొచ్చే ఒంటెల బిడారులు గాజా వైపు వెళ్లే దారిలో ఉంది. బిడారుకి నీళ్లూ రక్షణా ఇచ్చి సుంకం వసూలు చేసుకుని బాగుపడ్డారు. వాన ఏడాదికి 15 సెంటీమీటర్లు పడితే గొప్ప. అలాంటిచోట వేలమంది ఉండే నగరం ఎలా నిలిచిందిరా అంటే, దానికి జవాబు సిక్ గోడల మీద ఉంది.

సిక్ అంటే ఊళ్లోకి వెళ్లే సందు. 1.2 కిలోమీటర్ల పొడవున కొండ నిలువునా చీలింది. కొన్నిచోట్ల చేతులు చాపితే రెండు గోడలూ అందుతాయేమో అనిపించేంత ఇరుకు, తలెత్తితే ఆకాశం ఓ గీత. రాతి మీద ఎరుపు, పసుపు, ఊదా చారలు, తడిసిన నేతచీర రంగు దిగినట్టు. అందరూ తలలెత్తి ఫోన్లు పట్టుకుని నడుస్తున్నారు. నేను మాత్రం నీ స్నేహం వల్ల పాడైపోయినవాణ్ణి కదా, నడుమెత్తున గోడ వంక చూస్తూ నడిచాను. ఒక పక్క రాతిలోనే తొలిచిన కాలవ, పైన బండలు కప్పేవాళ్లట. రెండో పక్క గాడి తొలిచి అందులో కాల్చిన మట్టి గొట్టాలు పరిచారు. గొట్టాలు మూరెడు కూడా లేని ముక్కలు, ఒకదాని మూతి ఇంకోదానిలో దూర్చి, సున్నపు గచ్చుతో అతుకు వేశారు. కొన్ని ముక్కలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. వేలు పెట్టి తడిమాను, అతుకు ఇంకా గట్టిగానే ఉంది.

నీళ్లు వచ్చేది పైనున్న ఐన్ మూసా ఊట నుంచి. గైడు చెప్పినదాన్నిబట్టి, గొట్టం నిండుగా పారకుండా వాలు సరిచూసుకున్నారట, నిండితే ఒత్తిడికి అతుకులు కారతాయని. మధ్యమధ్యన చిన్న తొట్లు కూడా తొలిచారు, పూడిక అందులో దిగి తేటనీరు ముందుకు పోవడానికి. మీ డిపార్టుమెంటులో చివరి ఆయకట్టుకి నీళ్లు అందలేదని ఎన్ని ధర్నాలు చూశావో గుర్తుందా? వీళ్లు రెండువేల ఏళ్ల కిందటే టెయిలెండు సమస్య తీర్చుకున్నారు. చదివి కోపం తెచ్చుకోకు.

అంతకంటే నన్ను ఆపేసింది సిక్ మొదట్లో ఉన్న ఆనకట్ట. వాన తక్కువే, కానీ పడితే వాగు ఒక్కసారి ఉరికొచ్చి ఈ సందులోకే దూకుతుంది. అందుకని వాళ్లు వాగుకి అడ్డుకట్ట వేసి, పక్క కొండని 80 మీటర్లకు పైగా తొలిచి, వరదని ఊరి వెనకనుంచి తిప్పారు. ఊరు పడిపోయాక పట్టించుకునే నాథుడు లేక అదంతా దెబ్బతింది. 1963లో వరదొచ్చి ఇదే సందులో ఇరవైమందికి పైగా ఫ్రెంచి యాత్రికులు చనిపోయారు. ఆ మరుసటి ఏడు పాత కట్ట ఉన్నచోటే కొత్తది కట్టారు. పాతవాళ్ల ఎలైన్‌మెంటే సరైందని ఇరవైమంది పోతే గానీ తెలియలేదు.

సందు చివర ఖజ్నే, కొండ గోడలోనే చెక్కిన కట్టడం. 40 మీటర్ల ఎత్తు, పైనుంచి కిందికి చెక్కుకుంటూ వచ్చారు. ఫొటోల్లో నువ్వూ చూసే ఉంటావు, దాని అందం గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు. పేరుకి ఖజానా, నిజానికి అది సమాధి. పైనున్న రాతి కలశంలో బంగారం ఉందనుకుని స్థానికులు తుపాకులు పేల్చారట, ఆ గుంటలు కింది నుంచే కనిపిస్తాయి. నీకు నచ్చే ముక్క వేరే ఉంది. మనం నిలబడే నేల అసలు నేల కాదు. వరదలు తెచ్చిపోసిన మేట అది. పాత నేలమట్టం మీటర్ల లోతున ఉంది, 2003లో తవ్వితే కింద ఇంకా సమాధులు బయటపడ్డాయి. 2024లో 12 అస్థిపంజరాలున్న గది దొరికింది. సిక్‌లో కూడా 1990లలో మేట ఎత్తిపోశాకే పాత బండల బాటా, ఒంటెలతో నడిచే మనిషి బొమ్మా బయటికొచ్చాయి. పూడికతీత పనుల్లో నీకెన్నడూ ఇలాంటివి దొరకలేదు కదా!

ఇంటికొచ్చి చదివితే ఇంకో తమాషా తెలిసింది. డియోడోరస్ అనే గ్రీకు చరిత్రకారుడు ఈ నబాతియన్ల గురించి రాస్తూ, తొలిరోజుల్లో వాళ్లకి విత్తనం నాటడం, ఇల్లు కట్టడం, ద్రాక్షసారా తాగడం నిషేధం, తప్పితే మరణశిక్ష అన్నాడు. ఎడారిలో నేలకుండీలు తవ్వి, మూతి మాత్రం చిన్నగా ఉంచి, శత్రువుకి కనపడకుండా కప్పేసేవాళ్లట. అలా నీళ్లు దాచుకున్నవాళ్ల మనవలే తరవాత ఊరి నడిబొడ్డున, పెద్ద గుడి పక్కన, 40 మీటర్ల పొడవున కొలను కట్టి చుట్టూ తోట వేశారు. దాన్ని చాలాకాలం అందరూ సంత అనుకున్నారు, 1998లో తవ్వితే కొలనని తేలింది. ఎడారి దాటి దాహంతో వచ్చిన వర్తకుడికి ఆ నీళ్లు చూపించడమంటే మన దగ్గర లాకరు తలుపు తీసి చూపించినట్టే. డాబు అంటే అదీ.

క్రీ.శ. 106లో రోము వాళ్లు కలిపేసుకున్నారు, వ్యాపారం సముద్రం దారి పట్టింది, 363లో భూకంపం. తరవాత బయటి ప్రపంచం ఈ ఊరిని మరిచిపోయింది, ఆ కథ నీకు తెలిసే ఉంటుంది. 1812లో బర్క్‌హార్ట్ అనే స్విస్ ఆయన అరబ్బు వేషంలో, హారూన్ ప్రవక్త సమాధి దగ్గర మేకని బలిస్తానని మొక్కు సాకుగా చెప్పి లోపలికి వచ్చాడు. అనుమానం వస్తుందేమోనని నిలబడి చూడటానికి కూడా జంకాడు. అతనికి దక్కిందీ ఒక్క పూటే, అందుకని మా ఓడవాళ్ల మీద కోపం కొంచెం తగ్గించుకున్నాను.

ఎండ మండిపోతుంటే ఓ బదూ (ఎడారి సంచార తెగ) ఆవిడ గుడారంలో టీ తాగాం. పాలు లేవు, మరమియా ఆకు వేసి మరిగించింది, చక్కెర పాకం. ఆవిడ వాళ్లు ఈ గుహల్లోనే ఉండేవాళ్లు, 1985 ప్రాంతంలో ప్రభుత్వం పైనున్న ఉమ్ సైహూన్ అనే ఊరికి తరలించింది. మీ సాగర్ ముంపు గ్రామాల వాళ్లు గుర్తొచ్చారు. ఆవిడ పగలంతా ఇక్కడే, రాత్రికి మాత్రం అక్కడికి.

కొండమీది దేర్ అనే కట్టడానికి టైము లేదన్నారు, గాడిద మీద తీసుకెళ్తామన్నవాణ్ణి మీ చెల్లెలు కళ్లతోనే ఆపేసింది. కాబట్టి నా సలహా విను. ఓడలో వెళ్లకు. అమ్మాన్‌కి విమానంలో వెళ్లి పెట్రా పక్క ఊరు వాదీ మూసాలో రెండు రాత్రులు ఉండు. మార్చి గానీ అక్టోబరు గానీ అయితే ఎండ బాధ ఉండదు. ముందు ఆ మోకాలి ఆపరేషన్ వాయిదాలు మాని చేయించుకో, దేర్‌కి మెట్లు 800 పైనే. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ
రామ్మూర్తి