అత్తిపత్తి కబురు

బావా,

నీ ఉత్తరం వచ్చి నెలన్నర దాటింది. జవాబు రాయనందుకు క్షమించు. అమ్మ మోకాళ్లు కాస్త నయం, నా ట్రాన్స్‌ఫర్ ఆగింది, ఇల్లు మారలేదు. క్షేమ సమాచారాలు ఇంతే. అసలు సంగతి చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

మన కాలవగట్టు అత్తిపత్తి గుర్తుందా? దసరాకి వెళ్లినప్పుడు మా చిన్నది పట్టుబట్టిందని ఒక మొక్క పెళ్లగించి పెరుగు బకెట్లో నాటి తెచ్చాం. మొన్న ఆదివారం చిన్నది ఇంకు ఫిల్లరు తీసుకుని ఒక ఆకు మీద నీళ్ల బొట్లు వేయడం మొదలెట్టింది. మొదటి బొట్టుకే రెక్కలు జతజతలుగా మూసుకున్నాయి. అయినా అది ఆపలేదు. కాసేపటికి, బొట్లు పడుతుండగానే రెక్కలు మెల్లగా విచ్చుకున్నాయి! ఇక ఎన్ని వేసినా కదల్లేదు. "నాన్నా, చంపేశానా?" అని ఒకటే ఏడుపు. నాకూ గుండె జారింది. వేలితో అలా తాకాను బావా... టక్కున ముడుచుకుంది!

అచ్చం గొడుగు మాస్టారి బల్లచరుపే! జూన్‌లో ఉలిక్కిపడేవాళ్లం, దీపావళికల్లా తలెత్తేవాళ్లం కాదు. అదే వరండాలో హెడ్మాస్టారి దగ్గు వినపడితే?

మెదడు లేదు, నరం లేదు. మరెలా? రాత్రి ఒంటిగంట దాకా చదివాను. ప్రతి రెక్క మొదట్లో చిన్న బుడిపె, దాని కణాల నిండా నీళ్లు. తాకగానే విద్యుత్ సంకేతం అక్కడికి పాకుతుంది, పొటాషియం బయటికొస్తుంది, వెంటే నీళ్లూ వచ్చేస్తాయి. ఒకవైపు కణాలు మెత్తబడగానే రెక్క మడత పడుతుంది. ఆ సంకేతాన్ని మన జగదీశ్ చంద్ర బోస్ వందేళ్ల కిందటే కొలిచాడు, మనకేమో బడిలో ఆ ముక్కే చెప్పలేదు. 2014లో మోనికా గాలియానో అనే శాస్త్రవేత్త బృందం అత్తిపత్తి కుండీల్ని 15 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పదేపదే జారవిడిస్తే, కొంతసేపటికి ఆకులు మూసుకోవడం మానేశాయట. 28 రోజుల తర్వాత జారవిడిచినా అదే తీరు! దీన్ని జ్ఞాపకం అనొచ్చా అని శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటున్నారు. ఆ ఆకు నా వేలి కింద ముడుచుకున్నాక నేనైతే అంటాను.

మనం కర్రలతో ఆ గట్టంతా కొట్టుకుంటూ పోయేవాళ్లం చూడు... తలచుకుంటే మనసు ఎలాగో అయింది.

ఇంకోటి, రాత్రిళ్లు ఎవరూ తాకకుండానే ముడుచుకుంటుంది. 1729లో ఒక ఫ్రెంచాయన ఇలాంటి మొక్కనే చీకట్లో పెట్టి చూస్తే... ఉండు, స్కూలు బస్సు హారన్ కొడుతోంది, చిన్నదానికి ఇంకా జడ వేయలేదు. మిగతాది

నీ బావ