కమిటీ కాగితంలో ఏమి రాయాలంటే

హనుమకొండ

బిడ్డా,

నిన్ను ఇన్‌ఫెక్షన్ నియంత్రణ కమిటీలో వేశారని మీ నాన్న చెప్పారు. కరోనా లాంటిది మళ్ళీ వస్తే సిబ్బందిని ఎలా కాపాడుకోవాలో రాసి ఇమ్మన్నారట కదా. ఫోనులో మొదలుపెడితే సగంలోనే నీకు వార్డు నుంచి పిలుపు వస్తుంది. అందుకే ఉత్తరం.

ఆ కాగితంలో ‘త్యాగం’, ‘యోధులు’ అన్న మాటలు రానివ్వకు. 2020 మార్చి 22న అందరూ చప్పట్లు కొట్టినప్పుడు నాకూ కళ్ళు చెమర్చాయి, కాదనను. ఆ రోజుల్లోనే మన ఊళ్ళో డాక్టర్లను, నర్సులను ఇల్లు ఖాళీ చేయమన్న ఓనర్లూ ఉన్నారు. వైద్య సిబ్బంది మీద చేయి చేసుకుంటే 5 ఏళ్ళ దాకా, తీవ్రంగా గాయపరిస్తే 7 ఏళ్ళ దాకా జైలు అని ఏప్రిల్‌లో ఆర్డినెన్సు తెస్తే తప్ప కొందరికి భయం రాలేదు. మనకు కావలసింది పొగడ్త కాదు, ఏర్పాటు.

ఒంటినిండా వేసుకునే పీపీఈ రక్షణ కిట్టు వేసుకోవడం అందరూ నేర్పుతారు. ప్రమాదమంతా విప్పడంలో ఉంది. ముందు గ్లవ్స్, తర్వాత కళ్ళద్దాలు, ఆ తర్వాత గౌను లోపలి వైపు బయటికి వచ్చేలా చుట్టుకుంటూ తీయాలి. గది దాటి బయటికి వచ్చాకే మాస్కు, అదీ ముందు భాగం ముట్టుకోకుండా వెనక పట్టీలతో. చివర చేతులు కడుక్కోవాలి. వైశాఖపు ఎండల్లో గంటల తరబడి కిట్టులో ఉన్న మనిషికి ఈ వరస గుర్తుండదు. గ్లవ్స్ లోపల వేళ్ళు నానబెట్టిన శనగల్లా ఉబ్బి ఉంటాయి, ఎప్పుడెప్పుడు ముఖం తుడుచుకుందామా అని ఉంటుంది. అందుకని విప్పే చోట ఎదురుగా ఇంకొకరు నిలబడి ఒక్కొక్కటే చెబుతూ ఉండాలి. ఆ మనిషికి అదే డ్యూటీగా వేయాలి.

మాస్కుల్లో సైజులు తెప్పించమను. నాలాంటి సన్నముఖం వాళ్ళకు ఎన్-95 పెట్టుకున్నా ముక్కు పక్కనుంచి గాలి కళ్ళకు తగిలేది. అలా లీకయ్యే మాస్కు ఎంత ఖరీదైనదైతే ఏమి? చెమటకు తడిస్తే మార్చుకునేందుకు ఇంకొకటి చేతిలో ఉండాలి. బాత్రూముకు వెళ్ళలేమని నీళ్ళు తాగడం మానేసిన ఆడపిల్లల్ని, నెలసరి రోజుల్లో కిట్టులో నరకం చూసిన వాళ్ళను చూశాను. కమిటీలో మగవాళ్ళు ఎక్కువగా ఉంటే ఈ మాట ఎవరూ ఎత్తరు. నువ్వే ఎత్తు. నాలుగు గంటలకు మించి ఎవరినీ కిట్టులో ఉంచొద్దని రాయి.

భోజనాల గది సంగతి మర్చిపోకు. వార్డులో అంత జాగ్రత్తగా ఉన్నవాళ్ళు ఇక్కడికి రాగానే మాస్కులు తీసి, తలుపులు మూసి, ఒకే డబ్బాలో సకినాలు పంచుకుంటారు. కిటికీలు తెరవాలి, వంతులవారీగా తినాలి.

కేరళలో 2018లో ప్రాణాంతకమైన నిఫా వైరస్ వచ్చినప్పుడు లినీ పుథుస్సెరీ అనే నర్సు రోగికి సేవ చేసి, అదే సోకి చనిపోయింది. ఆమె సేవ చేసిన నాటికి అది నిఫా అని ఎవరికీ తెలియదు. జబ్బు పేరు తేలేదాకా ఆగొద్దనేది అందుకే. జ్వరం, దగ్గు ఉన్న ప్రతి మనిషి దగ్గరా మొదటి గంట నుంచే జాగ్రత్త పడాలి.

మనసు సంగతి కొంచెం కష్టం. కిట్టులో మనిషి ఆనవాలు తెలియక వీపు మీద మార్కర్‌తో పేర్లు రాసుకునేవాళ్ళం. ఆ పేరు పెట్టి పిలిచిన పేషెంటు తెల్లారేసరికి ఉండేవాడు కాదు. ఇంటివాళ్ళకు ఫోను చేసి చెప్పే పని ఎప్పుడూ కొత్తగా చేరిన పిల్లల మీద పడేది. అది తప్పు. ఆ ఫోను పెద్దవాళ్ళే చేయాలి, పక్కన ఒకరు ఉండాలి. ఇప్పుడు 14416కి ఫోను చేస్తే మనసు బాధలకు సాయపడే ప్రభుత్వ ఫోను సేవ టెలీ మానస్‌వాళ్ళు తెలుగులోనే మాట్లాడతారు, మంచిదే. గోడ మీద నంబరు అతికించి చేతులు దులుపుకుంటే మాత్రం కుదరదు. నిద్ర పట్టడం లేదన్న మనిషికి మర్నాడు నైట్ డ్యూటీ వేయకుండా ఉండటం అంతకన్నా పెద్ద వైద్యం.

ఆయమ్మలు, సఫాయి వాళ్ళు, అంబులెన్స్ డ్రైవర్లు మనకన్నా దగ్గరగా ఉంటారు. అప్పట్లో కేంద్రం ప్రకటించిన 50 లక్షల బీమా ఔట్‌సోర్సింగ్ వాళ్ళకూ వర్తించింది. అయితే కరోనా డ్యూటీలో ఉన్నారని కాగితం చూపించాలి కదా! కాబట్టి రోజూ ఎవరు ఏ వార్డులో పనిచేశారో పేర్లతో రిజిస్టరు ఉండాలి, వాళ్ళ పేర్లు కూడా. కమిటీలో వాళ్ళ తరఫున ఒక్కరైనా ఉన్నారా? లేకపోతే మొదటి మీటింగులో అదే అడుగు.

రాయడం అయ్యాక నాకు ఒకసారి పంపు, చదివి పెడతాను.

అమ్మ