ఆలస్యంగా చెప్పుకుంటున్న కృతజ్ఞతలు

2023 మే 6వ తేదీ శనివారం మధ్యాహ్నం టెక్సస్ రాష్ట్రం ఆలెన్ పట్టణంలోని ఔట్‌లెట్ మాల్‌లో జరిగిన కాల్పుల నుంచి ప్రాణాలతో బయటపడిన కుటుంబాలలో మాదీ ఒకటి. ఆ తరువాతి నెలలలో మమ్మల్ని కనిపెట్టుకొని ఉన్నవారికి నోటిమాటగా తప్ప ఇంతవరకు సరిగా కృతజ్ఞతలు చెప్పుకోలేదు. ఏడాదికి పైగా గడిచింది, ఆ రోజు గురించి రాయడానికి ఇప్పటికి ధైర్యం వచ్చింది. అందుకే గుంటూరులో ఉన్న మా అమ్మ తరఫున, నా భర్త, పిల్లలిద్దరి తరఫున ఈ మాటలు రాస్తున్నాను. మా చర్చి సంఘం పేరుగాని, ఎవరి పేరుగాని పెట్టవద్దని మా పాస్టరుగారు కోరారు కనుక పెట్టడం లేదు. చదివితే ఎవరి గురించో వారికే తెలుస్తుంది.

అమ్మ ఏప్రిల్‌లో మా దగ్గరికి వచ్చింది. ఆమెకు నడకకు వీలైన బూట్లు కొందామని ఆ మధ్యాహ్నం అందరం కలిసి వెళ్ళాము. మూడున్నర దాటిన కాసేపటికి బయట టపాకాయలు పేలినట్టు వినిపించింది. ఆ దుకాణంలో పనిచేసే అమ్మాయి, ఇరవై ఏళ్ళు కూడా నిండి ఉండవు, మమ్మల్నందరినీ వెనుక సరుకుల గదిలోకి తోసి తలుపు వేసి, అట్టపెట్టెలు అడ్డంపెట్టింది. చీకటిలో అమ్మ మా చిన్నవాడి చెవులు రెండు చేతులతో మూసి, ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలోని ఒక కీర్తనను గొంతు పెగలకుండా పెదవులతోనే పాడుతూ కూర్చుంది. వేరే పనిమీద మాల్‌కు వచ్చి ఉన్న ఒక ఆలెన్ పోలీసు అధికారి తుపాకి శబ్దం వినిపించిన దిక్కుకే పరుగెత్తి ఆ దుండగుణ్ణి మట్టుబెట్టారనీ, మొత్తం కాల్పులు నాలుగు నిమిషాలలోపే ముగిశాయనీ మేము తరువాత తెలుసుకున్నాము. ఆ గదిలో మాత్రం మాకు సాయంత్రమంతా గడిచిపోయినట్టుంది. చేతులు పైకెత్తి వరుసగా బయటికి నడిచాము. ఆ రోజు 8 మంది ప్రాణాలు కోల్పోయారు, వారిలో ముగ్గురు పసిపిల్లలు, హైదరాబాదు నుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగం చేసుకుంటున్న మన తెలుగు అమ్మాయి ఒకరు. ఆ అధికారికి, దుకాణంలోని ఆ అమ్మాయికి మా కృతజ్ఞతలు ఏ మాటలతో చెప్పినా చాలవు.

మా కారు మాల్ ఆవరణలోనే ఉండిపోయింది. పోలీసుల దర్యాప్తు జరుగుతున్నందున దానిని తీసుకోవడానికి వీలు లేకపోయింది. మా వీధిలో ఉండే ఒక పెద్దావిడ ఫోను చేసి, ఎక్కడ ఉన్నారో చెప్పండి చాలు అని, పావుగంటలో వ్యానుతో వచ్చారు. ఆమె మా ఇంటికి దగ్గరలోని లూథరన్ (ప్రొటెస్టెంటు క్రైస్తవ శాఖ) సంఘ సభ్యురాలు. అప్పటికి మేము ఆ సంఘంలో చేరినవాళ్ళం కాము, క్రిస్మస్‌కు రెండుసార్లు వెళ్ళి వెనుక వరుసలో కూర్చొని వచ్చినవాళ్ళం. దారి పొడవునా ఆమె ఏమి జరిగిందని అడగలేదు. ఇంటికి చేరాక అమ్మ చెప్పులు విప్పి, కాళ్ళు తుడిచి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయారు. ఆ తరువాత ఎందరో వచ్చి ఎన్నో మాటలు చెప్పారుగాని, ఆ సాయంత్రపు మౌనం చేసిన మేలు వాటిలో చాలా మాటలు చేయలేదు.

మరునాడు ఆదివారం సాయంత్రం ఆలెన్‌లోని కాటన్‌వుడ్ క్రీక్ చర్చిలో పెద్ద ప్రార్థనా కూడిక జరిగింది. గవర్నరు గ్రెగ్ ఆబట్‌తో సహా ఎందరో నాయకులు వచ్చారు. అమ్మ పట్టుబట్టడంతో మేమూ వెళ్ళాము. ఇంగ్లీషు సగమే అర్థమైనా, తిరిగి వస్తూ, "మన ఊళ్ళో ఆదరణ కూడికలాగే ఉందమ్మా, కాకపోతే ఇక్కడ ఎవరూ గట్టిగా ఏడవలేదు" అంది. ఆ మాట నాకు చాలాకాలం గుర్తుండిపోయింది. మా గుంటూరు పేటలో చావు జరిగిన ఇంటికి సంఘమంతా వచ్చి, చాపల మీద కూర్చొని, ఇంటివాళ్ళతోపాటు ఏడ్చి, అన్నం వండి తినిపించి వెళతారు. ఇక్కడివారు ఏడవడంలో మొహమాటపడ్డారేమోగాని, తినిపించడంలో మాత్రం ఎక్కడా తగ్గలేదు.

ఏడు వారాలపాటు మా ఇంట పొయ్యి వెలిగించవలసిన అవసరం దాదాపు రాలేదు. స్త్రీల సమాజం వారు రోజులు పంచుకొని సాయంత్రం ఆరింటికి వేడి వేడి పళ్ళెం గుమ్మం దగ్గర పెట్టి, గంట కొట్టి, మేము తలుపు తీసేలోపే వెళ్ళిపోయేవారు. అమ్మకు చక్కెర వ్యాధి ఉందని తెలిశాక తీపి మానేశారు. ఉప్పూ కారమూ లేని వారి చీజ్ పాస్తాను అమ్మ ఆవకాయతో కలుపుకొని ఎంతో ఇష్టంగా తిన్నదని ఇప్పుడు చెబితే వారు నొచ్చుకోరనే అనుకుంటున్నాను. శని, ఆదివారాలలో ఫ్రిస్కో, ప్లేనో నుంచి మన తెలుగు సహవాసం వారు పప్పుచారు, వేపుళ్ళు తెచ్చేవారు. వారిలో హిందువులైన మిత్రులూ ఉన్నారు, వారికీ అంతే రుణపడి ఉన్నాము.

కాల్చినవాడు నాజీ భావజాలాన్ని నెత్తికెక్కించుకున్నవాడని వార్తలలో వచ్చిన రోజు నుంచి, మా చర్మపు రంగు చూసి ఎవరేం చేస్తారోనన్న భయంతో అమ్మ సాయంత్రపు నడక మానేసింది. ఈ సంగతి ఎవరు చెప్పారో ఏమో, మరుసటి వారం నుంచి సంఘంలోని ఇద్దరు ముగ్గురు వంతులు వేసుకొని వచ్చి ఆమెతో వీధి చివరివరకూ నడిచేవారు. భాష కలవదు కనుక పూలమొక్కల పేర్లు ఒకరికొకరు చెప్పుకునేవారు. అక్కడొక తాతగారు ఇప్పటికీ మందారాన్ని మందారమనే అంటారు.

పిల్లల విషయం వేరు. పెద్దది కొన్నాళ్ళు మాట్లాడడమే తగ్గించింది. లూథరన్ సంఘాలవారు ఇలాంటి విషాదాల తరువాత తీసుకువచ్చే శిక్షణ పొందిన కుక్కలు కొన్ని ఉన్నాయి. బంగారు రంగు బొచ్చుతో, నీలిరంగు చొక్కా వేసుకొని, ఎంతసేపు తడిమినా కదలకుండా పడుకొని ఉంటాయి. అలాంటి ఒకదాని మెడ పట్టుకొని మా అమ్మాయి ఆ గదిలో ఏమేం విన్నదో అంతా దానికి చెప్పింది, మాకు చెప్పనివి కూడా. కుక్కను సంఘ భవనంలోకి తీసుకురావడమేమిటని అమ్మ మొదట ముఖం చిట్లించిందిగాని, ఆ పూట తరువాత తానే దానికి నీళ్ళు పెట్టింది. ఇక జూలై 4న ఊరంతా బాణసంచా కాలుస్తారు గదా, ఆ శబ్దం ఎలా తట్టుకుంటారని మేము బెంగపడుతుంటే, యువజనులు కిటికీలు లేని లోపలి హాలులో ఆ రాత్రంతా ఆటలు, పాటలు, ఐస్‌క్రీము ఏర్పాటుచేసి, బయటి చప్పుడు లోపలికి వినిపించకుండా చూశారు. అడగకముందే ఆ తారీఖును గుర్తుపెట్టుకున్న వారికి నేను ప్రత్యేకంగా చేతులు జోడిస్తున్నాను.

పాస్టరుగారికి చెప్పవలసినది మరొకటి ఉంది. కాల్చినవాణ్ణి క్షమించడం గురించి మా మీద ఆయన ఎవరినీ ఒత్తిడి చేయనివ్వలేదు. 2015 జూన్ 17న సౌత్ కరోలినా రాష్ట్రం చార్ల్‌స్టన్‌లోని ఇమ్మానుయేలు ఆఫ్రికన్ మెథడిస్టు ఎపిస్కోపల్ సంఘంలో బైబిలు పఠనం జరుగుతుండగా 9 మందిని కాల్చి చంపినప్పుడు, రెండు రోజుల తరువాత న్యాయస్థానంలోనే మృతుల బంధువులలో కొందరు హంతకుణ్ణి క్షమిస్తున్నామన్నారు. ఒక ప్రార్థన కూడికలో ఎవరో దానిని ఉదాహరించి మీరూ అలా అనాలని చెప్పబోతే, ఆయన ఆపి, ఆ మాట అనే హక్కు బిడ్డలను పోగొట్టుకున్నవారిది, అది కూడా వారు సిద్ధపడిననాడు, మనం వారి తరఫున తొందరపడరాదు అన్నారు. ఆ రాత్రి నేను చాలా రోజుల తరువాత నిద్రపోయాను.

ప్రార్థనలు చేసి ఊరుకుంటారనే నింద సంఘాల మీద ఉంది, అందులో నిజం లేకపోలేదు. కాల్పులు జరిగిన రెండు రోజులకు, అంటే మే 8న, కొన్ని రకాల సెమీ ఆటోమేటిక్ రైఫిళ్ళు కొనడానికి వయసును 21 ఏళ్ళకు పెంచే బిల్లును రాష్ట్ర రాజధాని ఆస్టిన్‌లో శాసనసభ కమిటీ ఒకటి 8-5 ఓట్లతో ముందుకు పంపింది. గడువు దాటిపోవడంతో అది సభలో చర్చకు రాకుండానే ఆగిపోయింది. మా సంఘంలో కొందరు ఆ బిల్లు కోసం ఉత్తరాలు రాశారు. మరికొందరు తుపాకులు ఇంట్లో ఉంచుకునేవారు, అలాంటి చట్టం అక్కరలేదనేవారు. నా అభిప్రాయం మొదటివారిదే, దాచుకోను. కాని అమ్మను వంతులవారీగా నడకకు తీసుకువెళ్ళినవారిలో రెండు పక్షాలవారూ ఉన్నారు, ఆ సంగతీ దాచుకోను. ఇప్పుడు వయోజనుల తరగతిలో ఆ రెండు పక్షాలూ ఒకే బల్ల దగ్గర కూర్చొని ఇళ్ళలో తుపాకులకు తాళం వేసి ఉంచడం గురించి మాట్లాడుతున్నారు. పాత తుపాకులను కొలిమిలో కాల్చి తోటపని పనిముట్లుగా సాగగొట్టే రాటూల్స్ అనే కొలరాడో సంస్థ గురించి కూడా అక్కడే విన్నాను.

కాల్పులలో చనిపోయిన ఆ తెలుగు అమ్మాయి భౌతికకాయాన్ని స్వదేశానికి పంపే పనిలో తోడ్పడిన తానా (ఉత్తర అమెరికా తెలుగు సంఘం) ప్రతినిధులకు, మా పిల్లల పాఠశాల ఉపాధ్యాయులకు, రుసుము తీసుకోకుండా మా పెద్దదానితో మాట్లాడిన మనస్తత్వ నిపుణురాలికి మా నమస్కారాలు.

సెప్టెంబరులో వెళ్ళేముందు అమ్మ ఆరాధనలో సాక్ష్యం చెప్పింది, నేను ఇంగ్లీషులోకి మార్చాను. "1842లో మీ దేశం నుంచి లూథరన్ మిషనరీ హేయర్ అయ్యగారు మా గుంటూరు వచ్చారు. మీ డాక్టరు అన్నా కుగ్లర్ అమ్మగారు పెట్టిన ఆసుపత్రిలో నేను పుట్టాను. ఆ రుణం ఎలా తీర్చాలా అనుకునేదాన్ని, మీరేమో ఇంకా పెంచారు" అంది. అందరూ నవ్వారు, తరువాత కొందరు ఏడ్చారు, ఈసారి గట్టిగానే.

చివరిగా ఒక విన్నపం. మా ఇంట మూడు గాజు పళ్ళాలు, నీలి మూత ఉన్న ఒక గిన్నె మిగిలిపోయాయి. వాటి అడుగున అంటించిన పేర్లు కడగడంలో చెరిగిపోయాయి. మీవైతే చెప్పండి. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదని అమ్మ ఆజ్ఞ కనుక, ఆమె పంపిన గోంగూర పచ్చడి కారం తగ్గించి అందులో పెట్టి ఆదివారం తెస్తాను.