ఆ బల్ల దగ్గరి మాటలు కత్తిరిస్తే ఏం మిగులుతుంది?

సంపాదకులకు,

మీ ఆదివారం సంచికలో 'సోఫీ షోల్: ది ఫైనల్ డేస్' అనే జర్మన్ సినిమా మీద వచ్చిన సమీక్ష చదివాను. బరంపురానికి మీ పేపరు ఇచ్ఛాపురం మీదుగా బస్సులో వస్తుంది, ఒక్కోసారి ఆదివారంది సోమవారం అందుతుంది. అయితే ఈ ఉత్తరం ఆలస్యానికి కారణం బస్సు కాదు. రాయాలా వద్దా అని వారం రోజులు తటపటాయించాను.

ముందు ఒక తప్పు. సోఫీని ఉరి తీశారని రాశారు. ఉరి కాదు, గిలటిన్, అంటే తల నరికే యంత్రం. 1943 ఫిబ్రవరి 18 గురువారం మ్యూనిక్ యూనివర్సిటీలో హిట్లర్‌కు వ్యతిరేకంగా కరపత్రాలు పంచుతూ అన్న హన్స్‌తో పాటు దొరికిపోయింది. 22 సోమవారం ఉదయం విచారణ, అదే రోజు సాయంత్రం శిక్ష అమలు. ఆమెకు 21 ఏళ్లు. వాళ్లిద్దరితో పాటు అదే శిక్ష పడిన మూడోవాడు క్రిస్టోఫ్ ప్రోబ్స్ట్, ముగ్గురు పిల్లల తండ్రి. అతను రాసిన కరపత్రం చిత్తుప్రతి ఒకటి హన్స్ దగ్గర దొరికింది, అంతే. నేను 34 ఏళ్లు గంజాం జిల్లా కోర్టుల్లో స్టెనో టైపిస్టుగా చేశాను. వాయిదాలను తిట్టుకోని రోజు లేదు. నాలుగు రోజుల్లో అరెస్టు, తీర్పు, తల తీయడం అన్నీ అయిపోయిన ఆ కోర్టును చూశాక మన వాయిదాల మీద మొదటిసారి గౌరవం కలిగింది.

ఇక అసలు విషయం. సగం సినిమా ఒక బల్లకు అటొకరు ఇటొకరు కూర్చుని మాట్లాడుకోవడమేనని, అరగంట కత్తిరిస్తే బాగుండేదని మీ సమీక్షకుడు అన్నారు. ఆ బల్ల దగ్గరి మాటలు ఎక్కడివో ఆయన చూసుకోవాల్సింది. హిట్లర్ రహస్య పోలీసు గెస్టపో అధికారి రాబర్ట్ మోర్ ఆమెను ప్రశ్నించినప్పటి రికార్డులు తూర్పు జర్మనీ ఆర్కైవుల్లో పడి ఉండి, 1990 నుంచే బయటివాళ్లకు చూసే వీలు దొరికింది. మార్క్ రోటెముండ్ 2005లో ఈ సినిమా తీసింది వాటిని ముందు పెట్టుకునే. చేతిలో ఖాళీ సూట్‌కేసు ఎందుకని అడిగితే, ఊరెళ్లి ఉతికిన బట్టలు తెచ్చుకోవడానికని ఎంత తొణక్కుండా చెప్పిందో చూడండి. మోర్ దాదాపు నమ్మేశాడు. తర్వాత సాక్ష్యాలు బయటపడి, అన్న ఒప్పుకున్నాడని తెలిశాక తనూ ఒప్పుకుంది, ఇక వెనక్కి తగ్గలేదు. జడ్జి ఫ్రైస్లర్ అరుపులు అందరికీ గుర్తుంటాయి. నన్ను భయపెట్టింది మాత్రం నోరు పెగలని డిఫెన్స్ లాయరు.

ఆ కాగితాలు ఎవరో టైపు చేసే ఉంటారు కదా. సినిమా అయ్యాక నాకు పట్టుకున్న ఆలోచన అదే.

మా దగ్గర సముద్రపు ఒడ్డున చేపలు పట్టే నోలియాలది తెలుగే. ఒకసారి, ఏ కోర్టులోనో చెప్పను, వలల దొంగతనం కేసులో ఒక ముసలాయన సాక్ష్యానికి వచ్చాడు. "సీకట్లో కళ్లు ఆన్లేదు బాబూ, ఎత్తు సూసి ఆడేనేమో అనుకున్నాను" అన్నాడు. ఒక గుమాస్తా దాన్ని ఒడియాలో చెప్పాడు. జడ్జిగారు ఇంగ్లీషులో డిక్టేట్ చేశారు. కాగితం మీదికి వచ్చేసరికి అది "ముద్దాయిని గుర్తుపట్టాను" అయింది. ఆ గదిలో మూడు భాషలూ తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. టైపు చేశాను. కింద మామూలుగా ఉండే వాక్యం, 'చదివి వినిపించగా సరిగ్గా ఉందని ఒప్పుకున్నాడు' అనేది కూడా నేనే కొట్టాను. ఎవరూ చదవలేదు, ఎవరూ వినిపించలేదు. ఆయన వేలిముద్ర వేసి వెళ్లిపోయాడు. ముద్దాయికి శిక్ష పడింది.

మనది నియంతల రాజ్యం కాదు, ఆ జడ్జిగారు ఫ్రైస్లర్ కాదు, మంచాయనే. అందుకే నాకు ఇంకా బాధ. సోఫీ కాగితాల్లో ఆమె మాట మిగిలింది కాబట్టి అరవై ఏళ్ల తర్వాత ఒక నటి దాన్ని మళ్లీ పలకగలిగింది. వాళ్లను చంపిన ఆ పీపుల్స్ కోర్టు న్యాయస్థానమే కాదు, భయపెట్టే సాధనమని జర్మనీ పార్లమెంటు 1985లో తీర్మానించింది. ఆ కోర్టు తీర్పులు చట్టప్రకారం రద్దయింది 1998లో. మా ముసలాయన మాట ఏ రికార్డులోనూ లేదు. ఉన్నదల్లా నేను కొట్టిన అక్షరాలు.

ఈ సినిమా మా మనవరాలు తన లాప్‌టాప్‌లో పెట్టింది. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ తప్ప తెలుగువి లేవు. మా ఆవిడకు ఇంగ్లీషు రాదు, నేనే పక్కన కూర్చుని చెప్పాను. బల్ల దగ్గరి సీను నడుస్తుండగా ఆవిడ నన్ను ఆపింది.

"ఆ పిల్ల అంతసేపు మాటాడితే నువ్వు రెండు ముక్కలే సెప్తావేటి?"

సినిమా ఆపించి, వెనక్కి తిప్పించి, ఆ సీను మొదటి నుంచి మాట మాటా చెప్పాను. రెండు గంటల సినిమాకు మాకు నాలుగు గంటలు పట్టింది.

ఇట్లు,
ఒక విశ్రాంత కోర్టు టైపిస్టు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా