కుక్కపిల్లలు జూలై దాకా ఆగవు: పశుసంవర్ధక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ పశుసంవర్ధక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను నల్లమల అంచున ఉన్న ఒక మండలంలో, జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతున్నాను. ఇళ్లలో పెంచుకునే కుక్కలకు, పిల్లులకు వేయాల్సిన టీకాల గురించి ఈ లేఖ.

గొర్రెలకు చిటుక వ్యాధి టీకా, గేదెలకు గాలికుంటు టీకా, వానలు పడకముందే గొంతువాపు, జబ్బవాపు టీకాలు మీ శాఖ సిబ్బంది ఊరూరా తిరిగి వేస్తున్నారు. ఎండలో దొడ్ల దగ్గరికి వెళ్లి వాళ్లు పడే కష్టం మేం చూస్తూనే ఉన్నాం. అదే దొడ్డికి రాత్రంతా కాపలా ఉండే కుక్కకు మాత్రం మా దగ్గర ఏడాదిలో ఒక్కటే రోజు, జూలై 6.

1885లో ఆ తేదీనే లూయీ పాశ్చర్ ఒక తొమ్మిదేళ్ల పిల్లవాడికి తొలిసారి రేబిస్ టీకా ఇప్పించాడు. ఆ గుర్తుగా ప్రపంచ జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల) దినం జరుపుతున్నాం, ఆ రోజున కుక్కలకు ఉచితంగా టీకా వేస్తున్నాం. మంచి పనే. కానీ ఆ తేదీకీ మన ఊళ్లలో కుక్కపిల్లలు పుట్టే కాలానికీ పొత్తు కుదరడం లేదు.

చిత్త కార్తెలో, అంటే అక్టోబరు నడిమిన, కుక్కలు జతకడతాయని పల్లెలో ఎవరినడిగినా చెబుతారు. రెండు నెలలు మోసి డిసెంబరులో పిల్లల్ని పెడతాయి. ఫిబ్రవరికల్లా ఆ పిల్లలు తల్లిని వదిలి ఇళ్లకు చేరతాయి. రేబిస్ టీకా మొదటిసారి మూడు నెలల వయసులో వేయాలి. అంటే మార్చిలో. జూలై 6 వచ్చేసరికి వాటికి ఆరు, ఏడు నెలలు నిండుతాయి. ఈలోపు వేసవి సెలవులన్నీ వాటిని చంకనేసుకుని తిరిగేది, వాటి చేత కొరికించుకునేది, గీరించుకునేది మా బడి పిల్లలే. పాలపళ్ల కుక్కపిల్ల కరిస్తే ఏమవుతుందిలే అని ఇంట్లో పెద్దవాళ్లు పట్టించుకోరు. ఇంకొందరు పసరు మందు పోయించి ఊరుకుంటారు. కుక్కపిల్లకూ రేబిస్ వస్తుంది. లక్షణాలు బయటపడ్డాక కుక్కనైనా మనిషినైనా కాపాడే వైద్యం లేదు. అనుమానం ఉన్న జంతువుల కాటుకు గురయ్యేవాళ్లలో 40 శాతం మంది 15 ఏళ్ల లోపు పిల్లలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అందుకే పశువుల డాక్టరు కాకపోయినా నేను ఈ సంగతి మాట్లాడుతున్నాను.

మా విద్యార్థి తల్లి ఒకామె మార్చిలో కుక్కపిల్లను తీసుకుని పశువుల ఆస్పత్రికి వెళితే, స్టాక్ జూలైలో వస్తుంది, అప్పుడు తీసుకురమ్మన్నారు. అక్కడి డాక్టరు గారిని నేను తప్పుపట్టను. ఫ్రిజ్‌లో లేని టీకాను ఆయన ఎక్కడి నుంచి తెస్తారు? ఇంకో ఇబ్బంది కూడా ఉంది. పది డోసుల సీసా అయితే ఒక్క కుక్క కోసం దాన్ని తెరిస్తే మిగతా మందు వృథా అవుతుంది. దీనికి దారి లేకపోలేదు. సంత జరిగే రోజును మండలంలో కుక్కల టీకా రోజుగా ప్రకటించండి. సంతకు ఎటూ ఊళ్ల నుంచి జనం వస్తారు, కుక్కల్నీ వెంట తెచ్చుకుంటారు, సీసా ఒక్క పూటలో అయిపోతుంది.

ఇక కుక్కపిల్లలకు వచ్చే పార్వో జబ్బు. దీని గురించి ప్రభుత్వ స్థాయిలో మాట్లాడేవాళ్లే కనబడడం లేదు. రెండు మూడు నెలల పిల్ల ఉన్నట్టుండి తిండి మానేస్తుంది, వాంతులు, ఆ తర్వాత నీచు కంపుతో రక్తవిరేచనాలు. ఒంట్లో నీరంతా పోయి రెండు మూడు రోజుల్లో చచ్చిపోతుంది. సెలైన్ ఎక్కించి బతికించిన సందర్భాలు ఉన్నాయి గానీ, పట్నం తీసుకెళ్లి రోజూ సెలైన్ పెట్టించే స్తోమత కూలి ఇళ్లకు ఎక్కడిది? పిల్లలు ఏడ్చి గోల చేస్తే ఇంకో కుక్కపిల్లను తెస్తారు. అదీ పోతుంది. అప్పుడు, మా ఇంటికి కుక్క అచ్చిరాదు టీచర్, అంటారు. అచ్చిరాకపోవడం కాదు. పార్వో వైరస్ వాకిట్లో మట్టిలో నెలల తరబడి బతికే ఉంటుంది. సబ్బు నీళ్లకు చావదు. సిమెంటు గచ్చునైతే బ్లీచింగ్ కలిపిన నీళ్లతో కడగొచ్చు, మట్టి వాకిలికి అదీ పూర్తిగా పనిచేయదు. రెండో పిల్లను ఆ గడప తొక్కించకముందే టీకా పడాలి.

ఆ టీకా కూడా ఒక్కసారి వేస్తే సరిపోదు. తల్లి ముర్రుపాలతో పిల్లకు వచ్చిన రక్షణ కొన్ని వారాలు ఉంటుంది. ఆ రక్షణ ఉన్నంతకాలం టీకాను కూడా పనిచేయనివ్వదు. అది ఏ పిల్లలో ఎప్పుడు తగ్గుతుందో చూసి చెప్పలేం. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, 16 వారాలు నిండేదాకా వేస్తారు. ఏడాది తర్వాత మళ్లీ బూస్టర్. ఒక్క డోసు వేయించి, టీకా వేసినా చచ్చిపోయిందంటూ నమ్మకం పోగొట్టుకున్నవాళ్లు మా ఊళ్లో ఉన్నారు. ఎన్ని సార్లు రావాలో, ఏ తేదీన రావాలో రాసిన ఒక కార్డు చేతికిస్తే, పసిపిల్లల టీకా కార్డు అలవాటైన తల్లులు దాన్ని జాగ్రత్తగా పాటిస్తారు.

పార్వోతో పాటు డిస్టెంపర్ (కుక్కల నుంచి అడవి జంతువులకూ సోకగల వైరస్ జబ్బు), కుక్కల కామెర్లు, ఎలుక మూత్రం వల్ల మనుషులకు కూడా సోకే లెప్టోస్పైరోసిస్, ఇన్నిటికీ కలిపి ఒకే సూదిగా టీకాలు ఉన్నాయి. బయట ఒక్కో డోసుకు వందల రూపాయలవుతుంది. జాతీయ పాడి అభివృద్ధి సంస్థ 1982లో నెలకొల్పిన ఇండియన్ ఇమ్యునలాజికల్స్ మనకు పక్కనే హైదరాబాద్‌లో ఉంది, కుక్కలకు రేబిస్ టీకాతో పాటు ఈ కలగలుపు టీకా కూడా తయారుచేస్తోంది. రాష్ట్రమంతటికీ ఒకేసారి కొంటే ధర తగ్గుతుంది. రేబిస్ టీకా ఉచితంగానే ఉండాలి. ఈ కలగలుపు టీకా మాత్రం కొన్న ధరకే ఇచ్చినా జనం వేయించుకుంటారని నా నమ్మకం.

డిస్టెంపర్ గురించి మా ప్రాంతం తరఫున ప్రత్యేకంగా చెప్పాలి. 2018లో గుజరాత్‌లోని గిర్ అడవిలో వారాల వ్యవధిలో ఇరవైకి పైగా సింహాలు చనిపోయాయి. కొన్నిటిలో డిస్టెంపర్ వైరస్ దొరికింది. అమెరికా నుంచి టీకాలు తెప్పించి మిగతా సింహాలకు వేయాల్సి వచ్చింది. మా పక్కన నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం ఉంది. చెంచు గూడేల కుక్కలు, గొర్రెల కాపరుల కుక్కలు ఆ అడవిలోకి రోజూ వెళ్లి వస్తాయి. పులికి టీకా వేయడం కంటే గూడెంలో కుక్కకు వేయడం ఎంతో తేలిక. అటవీ శాఖతో కలిసి అడవి అంచు గ్రామాల్లో ముందుగా మొదలుపెట్టండి.

పిల్లుల సంగతి ఎవరికీ పట్టదు. వాటికీ పార్వో లాంటి జబ్బు ఉంది, దానికీ టీకా ఉంది. రేబిస్ పిల్లులకూ వస్తుంది, వాటి కాటుతో మనుషులకూ సోకుతుంది. టీకా రోజున సంచిలో పిల్లిని తెచ్చినవాళ్లను వెనక్కి పంపవద్దని సిబ్బందికి ఒక్క మాట రాసి పంపండి చాలు.

కుక్కల ద్వారా వచ్చే రేబిస్‌ను 2030 నాటికి లేకుండా చేస్తామని కేంద్రం 2021లో జాతీయ ప్రణాళిక ప్రకటించింది. అందుకు ఒక ప్రాంతంలోని కుక్కల్లో 70 శాతానికి టీకా పడాలి. వీధి కుక్కల మీద సుప్రీంకోర్టు దాకా వాదనలు నడిచాయి. వాటిని పట్టడానికి వలలు, బండ్లు, షెడ్లు కావాలి. పల్లెల్లో మాత్రం చాలా కుక్కలు ఏదో ఒక ఇంటి అన్నం తిని తిరిగేవే. ఆ ఇంటి మనిషి పిలిస్తే వస్తాయి, పట్టుకుంటే నిలబడతాయి. వీటితో మొదలుపెడితే సగం దూరం సులువుగా నడవొచ్చు.

మంత్రి గారూ, మండల పశువైద్యశాలల్లో రేబిస్ టీకా 12 నెలలూ ఉండేలా, ఫిబ్రవరి, మార్చి నెలల్లో కుక్కపిల్లల కోసం ఒక విడత ఊరూరా నడిచేలా ఉత్తర్వులు ఇవ్వాలని కోరుతున్నాను. సూది వేసే పశుసంవర్ధక సహాయకులకు ముందుగా రేబిస్ టీకా వేయించడం మరిచిపోవద్దు. వాళ్ల చేతులే ముందు కాటుకు దొరుకుతాయి. మా వంతుగా, తొమ్మిదో తరగతి పిల్లలతో జనవరిలో ఇంటింటికీ తిరిగి కుక్కల, పిల్లుల లెక్క, వయసు రాయించి ఆస్పత్రికి అందజేస్తాం. శిబిరానికి ఆదివారం బడి ఆవరణ ఇప్పించే ఏర్పాటు కూడా నేను చూస్తాను.

ఇట్లు,
ఒక జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు