మూడో పిన్ను

అల్లిపురం, విశాఖపట్నం.

ప్రియమైన రవికి,

నీ ఉత్తరం వచ్చి పదిహేను రోజులైంది. జవాబు ఆలస్యమైనందుకు కోపం తెచ్చుకోకు. ఇన్నాళ్లూ నా బల్ల మీద ఒక ఎలక్ట్రిక్ గిటారు ఉంది, మనసంతా దాని మీదే ఉండిపోయింది. ఆ సంగతి నీకు చెప్పకపోతే నాకు తోచదు.

తెచ్చిన కుర్రాడిది లాసన్స్ బే కాలనీ. ఆదివారాలు చర్చిలో వాయిస్తూ పాడతాడు. గిటారు వాళ్ల నాన్నగారిది. 1954లో ఫెండర్ తెచ్చిన స్ట్రాటోకాస్టర్‌కు నకలే కానీ చెక్క మంచిది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను కిటికీలు పగలగొట్టినప్పుడు అది గదిలోనే తడిసిందట. ఆపైన ఇన్నేళ్ల ఉప్పుగాలి. మరలన్నీ తుప్పు పట్టి ఉన్నాయి.

"అన్నా, ఒకటే రొద. మూడు పికప్‌లూ తీసేసి కొత్తవి వేయండి, డబ్బు తెచ్చాను" అన్నాడు. పికప్‌లంటే తీగల కంపనాన్ని కరెంటు సంకేతంగా మార్చే అయస్కాంతపు కాయిళ్లు. వెంటనే ఒప్పుకోలేదు. మీటరు పెట్టి చూస్తే మూడూ 6 కిలో ఓమ్‌లకు దగ్గరగా చూపించాయి. వెంట్రుకంత సన్నని రాగి తీగ ఏడెనిమిది వేల చుట్లు, అంత తుఫానులో తడిసి కూడా తెగలేదంటే నాకు ముచ్చటేసింది. అలాంటివాటిని పారేయడానికి చేతులు రాలేదు.

అసలు లోపం గిటారు తీగలు తాకగానే తెలిసింది. మామూలుగా చెయ్యి తగలగానే రొద తగ్గాలి. దీనికి పెరిగింది. వెనక మూత విప్పాను. స్ప్రింగులను పట్టి ఉంచే ఇనుప పట్టీ దగ్గర ఎర్త్ వైరు అతుకు తుప్పుకు ఊడిపోయి ఉంది. పట్టీని మెరిసేదాకా గీకి, వేడి బాగా ఎక్కనిచ్చి కొత్తగా టంకం వేశాను. బయటి రొద చొరబడకుండా లోపలి గుంటలన్నిటికీ రాగి రేకు అంటించాను. ఆ పెద్ద రొద పోయింది. 50 హెర్ట్జ్‌ల సన్నని హోరు మాత్రం మిగిలింది. అది ఒకే కాయిల్ ఉండే (సింగిల్ కాయిల్) పికప్ స్వభావం, తీసేయలేం.

అదే అతనికి చెప్పాను. సంకేతాన్ని బాగా పెంచి (ఎక్కువ గెయిన్‌తో) వాయించే చోట, అంటే తీగలు కింద ఆనే బ్రిడ్జి దగ్గర ఒక్కటి హంబకర్ అనే రెండు కాయిళ్ల పికప్ వేస్తే చాలన్నాను. 1955లో గిబ్సన్ ఇంజనీరు సెత్ లవర్ పేటెంటుకు దరఖాస్తు చేసిన ఉపాయం అది. రెండు కాయిళ్లను ఎదురెదురుగా చుట్టి, అయస్కాంతాలను కూడా తిరగేస్తే బయటి హోరు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది, తీగ నాదం మాత్రం కలిసి వస్తుంది. పాత గుంటలోనే పట్టే చిన్నది తెప్పించాను. దానికి 500 కిలో ఓమ్‌ల వాల్యూమ్ పాట్ (శబ్దం తగ్గించి పెంచే తిప్పుడు మీట) వేస్తేనే గొంతు విచ్చుకుంటుంది, కానీ పాత రెండింటికీ 250 అలవాటు. డాబా గార్డెన్స్ వెళ్లి 470 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు రెండు తెచ్చి, ఆ రెండు పికప్‌లకూ ఒక్కొక్కటి సమాంతరంగా కలిపాను, అప్పుడు వాటికి 250కి దగ్గరగానే ఉంటుంది. రెండు రకాల స్వరమూ చక్కగా నిలిచాయి. ఆ సాయంత్రం నువ్వు పక్కన ఉండాల్సింది.

మెడ పైచివర తీగలు ఆనే ప్లాస్టిక్ పట్టీ, అంటే నట్, అరిగిపోయి ఉంటే ఎముకతో చెక్కాను. ఆరు గాళ్లు చిన్న ఆకురాయితో లోతు తేవడానికే ఒక రోజు పట్టింది.

ఇప్పుడు నన్ను నిద్రపోనివ్వని సంగతి. పని పూర్తయ్యాక కుర్రాడు మాటల్లో అన్నాడు: "ఇంతకుముందు మైకుకు పెదవి తగిలితే జివ్వుమనేది అన్నా, ఈ మధ్య దానంతటదే పోయింది". నా గుండె ఝల్లుమంది. పోయింది ఎందుకో తెలుసా? ఎర్త్ వైరు ఊడి తీగలకూ యాంప్‌కూ (శబ్దాన్ని పెంచే పెట్టెకూ) సంబంధం తెగిపోయింది కాబట్టి. నేను దాన్ని మళ్లీ కలిపాను. ఆరా తీస్తే యాంప్ ప్లగ్గుకు మూడోదైన ఎర్త్ పిన్నును కలపని రెండు పిన్నుల అడాప్టర్ తగిలించి వాడుతున్నాడు. ఎర్త్ లేని యాంప్‌లో లోపం వస్తే 230 వోల్టులు గిటారు తీగల మీదికే రావచ్చు. చేతిలో తీగలు, పెదవికి ఎర్త్ అయిన మైకు. ఇక చెప్పాలా?

గిటారు ఇవ్వలేదు. డబ్బు కూడా తీసుకోలేదు. "ముందు ఎలక్ట్రీషియన్ చేత మీ ఇంట్లో, వాయించే చోట ఎర్త్ చూపించు, అడాప్టర్ నా దగ్గర పెట్టు, అప్పుడు తీసుకువెళ్లు" అన్నాను. అతను కాస్త నొచ్చుకున్నాడు. రెండో రోజు వాళ్ల నాన్నగారే వచ్చారు. ఇంట్లో సాకెట్టుకు ఎర్త్ వైరే కలపలేదట, వేయించారు. చర్చిలో కూడా చూపించారు. ఆయన గిటారు ఒళ్లో పెట్టుకుని చాలాసేపు ఊరకే మీటుతూ కూర్చున్నారు. కూలి 2,500 అడిగాను, లెక్కపెట్టి ఇచ్చారు.

రవీ, హాస్టల్లో బోర్డులో పట్టడం లేదని నీ యాంప్ ప్లగ్గుకు మూడో పిన్ను మనమిద్దరం కలిసే విరిచాం. అది ఇప్పటికీ అలాగే ఉందా? మీ అబ్బాయి దాని మీదే నేర్చుకుంటున్నాడని రాశావు. ఈ ఉత్తరం చదవగానే ప్లగ్గు మార్పించి, సాకెట్టు చూపించి, నాకు ఫోను చెయ్యి. అంతవరకూ వాడిని యాంప్ లేకుండా వాయించమను.

నీ
శ్రీను