ఒక్క ఓడ మునిగినందుకేనా?

చిన్నీ,

మొన్న ఫోన్లో "లూసిటేనియా మునిగింది, అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగింది, అంతేగా నాన్నా?" అన్నావు. పరీక్షలో అలా రాస్తే మార్కులు పడతాయేమో. కానీ తారీఖులు చూడు. బ్రిటన్ ప్రయాణికుల ఓడ అది, దాన్ని జర్మన్ జలాంతర్గామి ముంచింది 1915 మే 7న. పోయిన 1,198 మందిలో 128 మంది అమెరికన్లు. అమెరికా యుద్ధం ప్రకటించింది 1917 ఏప్రిల్ 6న. కోపమే కారణమైతే దాదాపు రెండేళ్లు ఆగుతుందా? పైగా 1916లో అధ్యక్షుడు విల్సన్ మళ్లీ గెలిచిందే "మనల్ని యుద్ధానికి దూరంగా ఉంచాడు" అన్న ప్రచారంతో.

నన్నడిగితే, అమెరికా తటస్థత ముందు ఖాతా పుస్తకాల్లో పోయింది. బ్రిటన్ దిగ్బంధంతో జర్మనీతో వ్యాపారం ఎండిపోయింది. బ్రిటన్, ఫ్రాన్స్ లాంటి మిత్రరాజ్యాలకు సరుకూ, అది కొనుక్కోవడానికి అప్పూ అమెరికా నుంచే. ఆ అప్పు 200 కోట్ల డాలర్లు దాటింది. అలాగని బ్యాంకులే యుద్ధం తెచ్చాయంటే ఒప్పుకోను. అప్పిచ్చినవాడు బాకీదారు గెలవాలని కోరుకుంటాడు, అంతే. బ్రిటన్ కూడా అమెరికా ఓడల్ని ఆపి సరుకు పట్టుకునేది. సరుకుకైతే పరిహారం అడగొచ్చు, ప్రాణానికి ఏమడుగుతాం?

అసలు మలుపు జర్మనీ వేసుకున్న లెక్క. 1917 ఫిబ్రవరి 1 నుంచి బ్రిటన్ వైపు వెళ్లే ఓడ ఏ దేశానిదైనా హెచ్చరించకుండా ముంచుతామంది. అమెరికా ఊరుకోదని తెలిసే ఆ మాటంది. దాని సైన్యం వచ్చేలోపే బ్రిటన్ ఆకలికి లొంగుతుందని ధీమా.

ఇక జిమ్మర్‌మన్ తంతి (టెలిగ్రాం). ఆ జర్మన్ విదేశాంగ మంత్రి, మాతో కలిస్తే టెక్సస్, న్యూమెక్సికో, అరిజోనా మీకు తిరిగొస్తాయని మెక్సికోకు ఆశపెట్టాడు. ఆ సంకేతాల తంతి బెర్లిన్ నుంచి వెళ్లింది అమెరికా దౌత్య తంతి మార్గంలోనే! శాంతి ప్రయత్నాల కోసమని విల్సన్ వాడుకోనిచ్చిన మార్గమది. బ్రిటిష్‌వాళ్లు దాన్ని పట్టుకుని విప్పారు. మార్చి 1న పత్రికల్లో వస్తే, దొంగ తంతి అన్నవాళ్లు చాలామంది. రెండ్రోజులకు జిమ్మర్‌మనే "నిజమే" అన్నాడు. కాదంటే సరిపోయేది కదా, ఎందుకన్నాడో! అదే నెలలో అమెరికా ఓడలు వరసగా మునిగాయి.

చివరికి యుద్ధ ప్రకటనపై అమెరికా కాంగ్రెస్‌లో ఓటింగ్: సెనేట్‌లో 82–6, ప్రతినిధుల సభలో 373–50. వద్దన్న ఆ యాభైమందిలో జెనెట్ రాంకిన్ ఉంది. కాంగ్రెస్‌కు ఎన్నికైన మొదటి మహిళ, సభలో అడుగుపెట్టి నాలుగు రోజులే. తెల్లవారుజామున పేరు పిలిస్తే మొదటిసారి పలకలేదు. రెండోసారి పిలిచాక లేచింది. దేశం పక్షాన నిలబడాలనే ఉంది గానీ, యుద్ధానికి ఓటెయ్యలేనంది.

మీ నాన్న